ఎనిమిది వందల మీటర్లు

ఆ ఉదయం సర్వేయరు పథకం చాలా నిరాడంబరమైనది. తొమ్మిదింటికి భార్యను ఫిజియోథెరపీకి తీసుకువెళ్లాలి. ఈలోగా, నాలుగు రోజులుగా స్టార్టు కావడానికి మొరాయిస్తున్న కారును వీధి చివరి మెకానిక్‌కు చూపించాలి. ఇంటి గేటు నుంచి క్లినిక్ మెట్టు దాకా దూరం ఎనిమిది వందల మీటర్లు. ముప్పై నాలుగేళ్లు ఇతరుల భూములు కొలిచి రిటైరైన మనిషి చెప్పిన అంకె కనుక దానిని శంకించే పనిలేదు. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ జరిగి అరవై ఎనిమిది రోజులైంది. తొంభై రోజుల వ్యాయామంలో ఒక్కరోజు తప్పినా కీలు బిగుసుకుపోతుందని, ఆపైన నడక కష్టమని డాక్టరు హెచ్చరించాడు.

మెకానిక్ ఇంజన్ ఆయిల్ మూత విప్పి, లోపలివైపు తిప్పి చూపించాడు. పాలెక్కువైన కాఫీ రంగులో మీగడలాంటిది అట్టకట్టి ఉంది.

"రోజూ ఎంత దూరం తిప్పుతారు సార్?"

"ఎనిమిది వందల మీటర్లు. రావడానికి మళ్లీ అంతే."

మెకానిక్ ముఖంలో కారు పట్ల జాలి, యజమాని పట్ల మరొకటి కనిపించాయి. "నిద్ర లేపుతున్నారు, మొహం కడుక్కోకముందే మళ్లీ పడుకోబెడుతున్నారు. ఇంజను బాగా వేడెక్కితే లోపల పట్టిన చెమ్మంతా ఆవిరైపోతుంది. మీరు వేడెక్కనిస్తేగా. ఆ నీళ్లే ఆయిల్లో కలిసి ఇలా పేరుకున్నాయి. బ్యాటరీ సంగతీ అంతే. స్టార్టింగుకి ఖర్చయింది నిండేలోపే ఆపేస్తున్నారు."

ఆయిల్ మార్చి, వారానికి ఒక్కసారైనా మంచి రోడ్డు మీద అరగంట ఆపకుండా నడపమని చెప్పాడు. వారానికోసారి చేస్తే మేలు జరిగే పనిని రోజూ చేస్తే ఏడింతలు మేలు జరుగుతుందని సర్వేయరు లెక్కగట్టాడు.

ఈ సంగతి భార్యకు చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఆయన చెప్పలేదు. తన మోకాలి కోసం కారు పాడవుతోందని తెలిస్తే ఆమె ఆ రోజే వ్యాయామం మానేస్తుందని ఆయన భయం. తనవల్ల ఇంకొకరికి నష్టమన్న మాట వింటే మందు సీసా అవతల పెట్టే మనిషి ఆమె. భయం నిజాయితీ గలదే. కాని భార్యను కాపాడడానికి భార్యకు చెప్పకుండా ఉండాలన్న శాస్త్రాన్ని మగవారు ఎక్కడ చదువుకుంటారో తెలియదు. అందులో ఎవరూ ఉత్తీర్ణులైన దాఖలా మాత్రం లేదు.

మర్నాటి నుంచి రోజూ ఏడున్నరకు, "టైర్లలో గాలి కొట్టించుకొస్తా" అని చెప్పి ఆయన బయలుదేరాడు.

ఆమె ఒక ముద్రణాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్దింది. ఒకే వాక్యం మూడు రోజులు అక్షరం మారకుండా వస్తే ఆమెకు అది కంటిలో నలుసు. మూడో రోజు క్లినిక్‌కు వెళుతూ కారు మీటరులో కిలోమీటర్ల అంకె చూసి గుర్తుపెట్టుకుంది. నాలుగో రోజు మళ్లీ చూసింది. ఇరవై ఆరు కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. ఏమీ అడగలేదు. పేజీ పూర్తిగా చదవకుండా కలం పెట్టే అలవాటు ఆమెకు లేదు.

ఆ ఇరవై ఆరులో సగం బైపాస్ రోడ్డు మీద పోవడానికి, సగం రావడానికి. కారు తిప్పుకోవడానికి అక్కడ వీలైన చోటు ఒక్కటే: చక్రాల కుర్చీలు, రోగుల మంచాలు అమ్మే దుకాణం ముందున్న ఖాళీ స్థలం. నాలుగో రోజు ఆ దుకాణదారు బయటకు వచ్చాడు. రోజూ ఒక పెద్దమనిషి వచ్చి, వాకిట్లో క్షణం ఆగి, లోపలికి రాకుండా వెనుదిరగడం అతను గమనిస్తున్నాడు. లోపలికి అడుగు పెట్టలేక వెళ్లిపోయేవారిని అతను ఎందరినో చూశాడు. కారు అద్దం మీద మెల్లగా తట్టి, "ఎవరికండీ?" అని అడిగాడు.

కారు తిప్పుకుంటున్నానని చెప్పవచ్చు. కాని ఉద్యోగకాలమంతా ఆక్రమణల మీద నివేదికలు రాసిన మనిషి, నాలుగు రోజులుగా పరాయి స్థలంలోకి అనుమతి లేకుండా వస్తున్నానని ఏ నోటితో చెబుతాడు? "మా ఆవిడకి" అన్నాడు. దుకాణదారు ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదలలేదు. ఆపైన ఒక క్యాటలాగులో పేజీ కొస మడిచి ఇచ్చి, ఇంటి ఫోను నంబరు రాసుకున్నాడు.

మర్నాడు డాష్‌బోర్డు అరలో కళ్లజోడు తుడిచే గుడ్డ కోసం వెతుకుతూ ఆమె క్యాటలాగు చూసింది. చక్రాల కుర్చీలున్న పద్నాలుగో పేజీ కొస మడిచి ఉంది. ఆ మర్నాటి ఉదయం ఆయన 'గాలి'కి వెళ్లిన వేళ ఫోను మోగింది. కుర్చీ కోసం అమ్మగారి నడుము కొలత కావాలని ఎవరో ఎంతో మర్యాదగా అడిగారు. ఆమె అర అంగుళం తేడా లేకుండా చెప్పింది. కొలత తప్పు చెప్పడం ఏ పరిస్థితిలోనూ ఆమెకు చేతకాదు. ఫోను పెట్టేశాక ఆమెకు పేజీ పూర్తిగా చదివినట్టయింది. ఇక నడక రాదని డాక్టరు ఆయనకొక్కడికే చెప్పాడన్నమాట. ఆ దుఃఖం తనకు కనిపించకుండా ఆయన రోజూ ఎక్కడికో పోయి దిగమింగుకుని వస్తున్నాడన్నమాట. ఆ మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని, గోడ పట్టుకుని, మంచం నుంచి కిటికీ దాకా పదకొండు సార్లు నడిచింది.

డెబ్భై ఆరో రోజు, తొమ్మిదికి పావుగంట ముందు, దుకాణదారు స్వయంగా కుర్చీ దింపించాడు. "వారం రోజులు వాడి చూడండి సార్. నచ్చితేనే" అంటున్నాడు. సర్వేయరు కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఇది నాకేనా?"

"అంతా చెబుతాను. ముందు నువ్వు కూర్చో."

"ఎందులో?"

కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, కుర్చీని చుట్టి, గేటు దాటింది. ఆయన కారెక్కి, ఫస్ట్ గేరులో ఆమె పక్కనే నడుపుతూ, కిటికీలోంచి ఆయిలు, ఆవిరి, బ్యాటరీ, పరాయి స్థలం, అన్నీ వరుసగా విన్నవించుకున్నాడు. వెనుక దుకాణదారు, ఎందుకైనా మంచిదని, ఖాళీ కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. ఆ వేగంలో పోతున్న కారును చూసి మెకానిక్ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఆమె రెండు చోట్ల ఆగింది. రెండోసారి ఆగినప్పుడు, "అంటే డాక్టరు ఏమీ అనలేదా?" అంది.

"అని ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా?"

"గాలి సంగతి చెప్పారా?"

కారు ఆగిపోయింది. కాలు ఏ పెడలు మీద ఉందో ఆయన మరిచిపోయాడు.

క్లినిక్ మెట్టు మీద ఫిజియోథెరపిస్టు ఎదురైంది. "ఇన్నాళ్లకి నడిచొచ్చారా అమ్మా. నలభై రెండో రోజు నుంచీ నడిచే రమ్మని రాశాను కదా. మోకాలు ఎందుకు వంగనంటోందా అని నేనొకటే బెంగపడుతున్నా."

రాసిన మాట నిజమే. క్లినిక్‌లో ఇచ్చిన సూచనల కాగితం వెనుకవైపు రాసింది. దాన్ని సర్వేయరు ప్లాస్టిక్ కవరులో పెట్టి, నలగకుండా గోడకు అంటించాడు. 'ఆరు వారాలు వీధిలో నడవరాదు' అన్న వైపు ఇంటికి, రెండో వైపు గోడకు. ముప్పై ఒక్క సంవత్సరాలు కామా వదలని కళ్లు ఆ గోడ మీది కాగితాన్ని తిప్పి చూడాలనుకోలేదు. ఆ ఒక్క కారణంగా ఆమె ఆయన్ను పూర్తిగా దులిపే హక్కు కోల్పోయింది.

"మీ మెకానిక్ ఏమన్నాడన్నారు?"

"మొహం కడుక్కోకముందే పడుకోబెడుతున్నారని."

"నన్ను కూడా అతనికే చూపించాల్సింది."

తిరుగు ప్రయాణంలో చక్రాల కుర్చీ మీద కూర్చున్నది ఆమె చేతిసంచి మాత్రమే. మర్నాటి నుంచి తొంభయ్యో రోజు దాకా భార్యాభర్తలు రోజూ నడిచే వెళ్లి, నడిచే వచ్చారు. మోకాలు వంగింది. తొంభై ఒకటో ఉదయం ఆమెను దూరంగా షికారు తిప్పాలని ఆయన తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. మెకానిక్ వచ్చి చూసి, పద్నాలుగు రోజులు కదల్చకుండా ఉంచినందువల్ల బ్యాటరీ పోయిందని తేల్చాడు.

ఈసారి సర్వేయరు తిన్నగా ఇంట్లోకి వెళ్లి భార్యతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె చెప్పులు వేసుకుంది.