లేని మూడు పళ్లు

ప్రోగ్రామర్‌కు ఆ ఉదయం మూడు పనులున్నాయి. ఒక మెసేజ్ పంపడం, పెట్టె సర్దడం, మర్నాడు భార్యతో రైలెక్కడం. రెండేళ్లలో దొరికిన మొదటి సెలవు అది. పది రోజులు. మేనేజర్ ఒక షరతు పెట్టాడు. "పన్నెండింటికి నేను ఫోన్‌లో ఉండగా ఒక్క మెసేజ్ వెళ్లాలి, ఒక్కసారే వెళ్లాలి. రెండోది వెళ్లిందా, సెలవు సంగతి మర్చిపో."

అతను ఇంట్లో కూర్చుని రాసింది పళ్ల డాక్టరు కోసం ఒక సర్వీసు. కంప్యూటర్ తెరవగానే తనంతట తాను మొదలై, తెర మీద కనబడకుండా, వెనక నడుస్తూ పేషెంట్లకు మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం. పోయిన నెల అది ఒకే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పంపింది. ఆ తప్పు సరిదిద్దానని అతని నమ్మకం. పరీక్ష కోసం, మెసేజ్‌లు వెళ్లాల్సిన నంబర్లుండే ఆఫీసు ఆన్‌లైన్ జాబితాలో అత్తగారి నంబరు ఒక్కటే పెట్టాడు. ఇంట్లో మెసేజ్‌లు చివరిదాకా చదివేది ఆవిడే. సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు. సర్వీసంటే ఏమిటో ఒకసారి చెప్పబోతే గంటన్నర పట్టింది. అంతా విని ఆవిడ, "వెనకాల అదే చేసుకుపోతుంటే, ముందు కూర్చుని మీరేం చేస్తారు బాబూ?" అని అడిగారు.

తొమ్మిదింటికి సర్వీసు నడిపాడు. వెనక గదిలో అత్తగారి ఫోను టింగుమంది. "ఈ రోజు మీ పన్ను తీస్తాం. అప్పటివరకు ఏమీ తినవద్దు." అనుకున్నట్టే వెళ్లింది. అతను పెట్టె కిందికి దించాడు.

పది నిమిషాలకు మళ్లీ టింగ్.

కోడ్‌లో మెసేజ్ పంపే వరుస పక్కన ఎర్ర చుక్క పెట్టాడు. నడుస్తున్న ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగాలి. ఆగింది. ఆగిన వరుసను చూస్తుండగానే టింగ్. సర్వీసునే ఆపేశాడు. టింగ్. ల్యాప్‌టాప్ ఆపేశాడు. టింగ్. ఫోన్‌లో ఆఫీసు జాబితా చూస్తే, ఆ నంబరుకు పంపినవి ఐదు అని ఉంది.

భార్య గుమ్మంలో నిలబడింది. "మా అమ్మను ఏమన్నారు?"

"నేనా? ఏమీ అనలేదే."

"పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు. అడిగితే ఆకలి లేదంటోంది. 'ఎన్నిసార్లు చెప్తావు అదే మాట, ఇక ఆపు' అని మీరరిచింది నాకూ వినబడింది."

"అది ప్రోగ్రాంని!"

"ప్రోగ్రాంకి చెవులున్నాయా? అమ్మకున్నాయి. వెళ్లి మాట్లాడండి."

వెళ్లాడు. అతన్ని చూడగానే అత్తగారు దేన్నో టప్పున మూసి దుప్పటి కిందికి తోశారు.

"అత్తయ్యగారూ, నేనన్నది మిమ్మల్ని కాదండీ."

"నాకేం బాబూ. మీరు ప్రయాణం మాత్రం మానుకోకండి. ఎన్నయినా తట్టుకుంటాను."

ఏమిటి ఎన్నయినా అన్నది అతనికి బోధపడలేదు. గది దాటగానే వెనక టింగ్.

నెట్ పెట్టె వైరు పీకేశాడు. పావుగంట టింగు లేదు. తప్పు నెట్ పెట్టెదేనని మేనేజర్‌కు రాసి, మళ్లీ తగిలించాడు. వరసగా మూడు టింగులు. ఇప్పుడే పంపిన మాట తప్పని మేనేజర్‌కు మళ్లీ రాశాడు.

పన్నెండుకి పావుగంట ఉందనగా లెక్క పద్నాలుగుకు చేరింది. మేనేజర్ స్పీకర్‌లోకి వచ్చాడు. అప్పుడే అత్తగారు చేతిసంచీ తగిలించుకుని ముందు గదిలోకి వచ్చారు.

"బాబూ, ఒక్క సందేహం. పద్నాలుగు పళ్లు తీస్తామంటున్నారు. నాకున్నవి పదకొండు. ఆ మూడూ ఎవరివి తీస్తారు?"

స్పీకర్‌లో మేనేజర్ దగ్గాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది కూతురు.

"డాక్టరే. పద్నాలుగు మెసేజ్‌లు. ఒక్కోదానికి ఒక్కోటి కాబోలు. మీకు చెబితే కంగారుపడి ప్రయాణం మానుకుంటారని ఊరుకున్నా. పన్ను పీకితే ఎంత నొప్పో చదువుదామని అల్లుడుగారి పాత ల్యాప్‌టాప్ ఇవాళే తీశాను. కాస్త చదవడం, ఎవరైనా వస్తే మూసేయడం, మళ్లీ తీయడం. ఇదిగో, ఇది." సంచీలోంచి తీసి, మూత తెరిచి చూపించారు.

టింగ్. పదిహేను.

పోయిన నెల సర్వీసును మొదట రాసింది ఆ ల్యాప్‌టాప్‌లోనే. అత్తగారికి ఇచ్చేముందు అతను అందులోంచి ఫొటోలు తీశాడు, ఫైళ్లు తీశాడు. తెర మీద కనబడనిదాన్ని తీయడం మర్చిపోయాడు. మూత తెరిచినప్పుడల్లా అది పాత తప్పుతో సహా మేలుకుని, ఆఫీసు జాబితాలో ఉన్న ఒకే ఒక్క నంబరుకు మెసేజ్ పంపింది. నెట్ లేనప్పుడు ఆగినవి, నెట్ రాగానే వరసగా వెళ్లాయి. మెసేజ్ రాగానే ఆవిడకు భయం వేసింది. భయం వేయగానే మూత తెరిచారు.

అతను ఆ పాత ప్రోగ్రాంను తీసేశాడు. జరిగిందంతా అత్తగారికి రెండుసార్లు వివరించాడు. ఆవిడ రెండుసార్లూ తలూపారు. కూతురు కంచం పెట్టింది.

పన్నెండయింది. తన సర్వీసు మళ్లీ నడిపాడు. టింగ్. అయిదు నిమిషాలు గడిచాయి. రెండోది రాలేదు.

"సెలవిచ్చాను, వెళ్లిరా," అన్నాడు మేనేజర్.

అత్తగారు చేతిలో ముద్ద కంచంలో పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, మెసేజ్ చివరిదాకా చదివారు.

"ఒక్కటేగా, తీయించుకొస్తాను," అని చెప్పులేసుకున్నారు.