నాలుగో నియమానికి సవరణ

సహజశ్వాస ఇంజిన్ల పరిరక్షణ సంఘం సభ్యులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, అధ్యక్షులవారు ఆరోగ్య కారణాల వల్ల వారం రోజులు సెలవు పెట్టారు. కారణమేమిటని ఎవరూ అడగవద్దని ఆయన నోటీసు బోర్డు మీద స్వయంగా రాసిపెట్టారు. వద్దన్నారు గనక ఆ సంగతే ముందు చెప్పుకుందాం.

ఇంజిన్లు రెండు జాతులు. మొదటిది తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. రెండోదానికి టర్బో అని ఒక పరికరం ఉంటుంది. అది బయటికి పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ ఊపుతో గాలిని ఇంజిన్ గొంతులోకి బలవంతంగా కుక్కుతుంది. ఈ తేడా తెలియకుండానే లోకంలో చాలామంది ఆఫీసుకు పోయి, సాయంత్రం ఇంటికి వచ్చి, హాయిగా బతికేస్తున్నారు. వారి అజ్ఞానాన్ని తొలగించడానికే పదకొండు మంది పెద్దమనుషులు చేరి సంఘం పెట్టారు. సంఘానికి తొమ్మిది నియమాలున్నాయి. వాటిలో నాలుగోది ప్రాణం వంటిది: "పైనుంచి గాలి కొట్టించుకొనే ఏ యంత్రానికీ, దాని యజమానికీ ఈ సంఘంలో స్థానం లేదు." ఇది రాసింది అధ్యక్షులవారే. "దాని యజమానికీ" అన్న మాటలు తర్వాత ఎర్ర సిరాతో చేర్చారు. ఆయన బావమరిది టర్బో కారు కొన్న రోజది.

అధ్యక్షులవారి ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. పొద్దుట పది నుంచి సాయంత్రం ఐదు దాకా లిఫ్టుల్లో పైకి ఎక్కి కిందికి దిగుతూ ఉంటారు. వేగం మీద ఆయనకంత మమకారం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. మూడేళ్ళుగా తన కారు ఇంజిన్‌కు ఆయన చేయించని సేవ లేదు. గాలి లోపలికి పోయే దారి వెడల్పు చేయించారు. పొగ బయటికి వచ్చే గొట్టం మార్పించారు. ఇంజిన్ తల ఊడదీయించి, లోపలి గరుకంతా నున్నగా అరగదీయించారు. ఇంత తపస్సుకూ పెరిగినవి మొత్తం ఆరు హార్స్‌పవర్లు. అందులో రెండు ఏసీ ఆపితే వచ్చేవి. అందుచేత ఎండాకాలమంతా ఇల్లాలు కిటికీలోంచి తల బయటపెట్టి ప్రయాణం చేసింది. బరువు తగ్గాలని వెనక సీటూ, స్టెప్నీ టైరూ, పాటల పెట్టే తీసేశారు. కారులోంచి పోయిన బరువంతా మూడేళ్ళలో నెమ్మదిగా ఆయన నడుం చుట్టూ చేరింది. ఆ లెక్క మాత్రం సంఘం వార్షిక నివేదికలో కనిపించదు.

బావమరిది పద్ధతి వేరు. ఆస్పత్రి పరికరాలు అమ్మే దుకాణం అతనిది. ఒక మధ్యాహ్నం మెకానిక్‌ను పిలిచి, కారుకు లాప్‌టాప్ తగిలించి, టర్బో ఒత్తిడి కాస్త పెంచమన్నాడు. టీ చల్లారేలోపు నలభై హార్స్‌పవర్లు పెరిగాయి. దీన్ని అధ్యక్షులవారు పరీక్షలో కాపీ కొట్టడంగా అభివర్ణించారు.

"నా ఇంజిన్ కాలు నొక్కగానే పలుకుతుందిరా! నీదానికి నొక్కి, అర్జీ పెట్టుకుని, జవాబు కోసం చూడాలి," అనేవారు.

"పలుకుతుంది బావా, కాదన్లేదు. కానీ ఏం పలుకుతుంది?" అనేవాడు బావమరిది.

ప్రతి ఆదివారం భోజనాల దగ్గర ఇదే వాదన. ఇల్లాలు ఒకరికి భార్యగా, ఒకరికి అక్కగా తీర్పు చెప్పలేక, ఇద్దరికీ కూర వడ్డించి ఊరుకునేది.

ఇంతలో అధ్యక్షులవారికి నిద్ర జబ్బు పట్టుకుంది. నిద్ర రాకపోవడం కాదు, ఎక్కడబడితే అక్కడ రావడం. గురకకు తట్టుకోలేక ఇల్లాలు ఆర్నెల్ల కిందటే దిండూ దుప్పటీ తీసుకుని పక్కగదికి వెళ్ళిపోయింది. ఆ గురకను ఆయన "పెద్ద గొట్టం వేసిన ఇంజిన్ శబ్దం"గా సమర్థించుకున్నారు. తర్వాత ఒకరోజు లిఫ్టు తనిఖీ చేస్తూ అందులోనే నిలబడి నిద్రపోతే, ఐదో అంతస్తు వాళ్ళు లిఫ్టు చెడిందని ఆయన ఆఫీసుకే ఫిర్యాదు చేశారు. ఆ పై వారం ఇల్లాలు పక్కన ఉండగా సిగ్నల్ దగ్గర కునుకు తీశారు. పచ్చలైటు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. కాలు నొక్కగానే పలికే ఇంజిన్ అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది. నొక్కే కాలు నిద్రలో ఉంది. ఇల్లాలు ఆయన్ని పక్క సీట్లోకి జరిపి, తానే బండిని డాక్టరు దగ్గరికి నడిపింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కాగితం తిప్పి చూపించాడు.

"నిద్రలో గంటకి ముప్పై నాలుగు సార్లు మీ ఊపిరి ఆగిపోతోంది."

"ఆగితే ఏముందండీ, మళ్ళీ అదే మొదలవుతోంది కదా. సహజంగా."

"మీ సహజ శ్వాసే మీ ప్రాణం మీదికి తెచ్చేట్టుందండీ. ముక్కులోకి గాలి పంపే యంత్రం ఒకటుంది, రోజూ పెట్టుకుని పడుకోవాలి. వద్దంటే చెప్పండి, కారు తాళాలు ఇవాళే మీ ఆవిడకిచ్చెయ్యండి. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోవద్దు."

అధ్యక్షులవారి తల కొట్టేసినట్టయింది. గాలి కొట్టించుకోకపోతే కారు పోతుంది. కొట్టించుకుంటే సంఘం పోతుంది. ఎర్ర సిరాతో రాసిన ఆ రెండు మాటలూ అంత స్పష్టంగా ఎందుకు రాశానా అని ఆయన జీవితంలో మొదటిసారి తన దస్తూరీని తిట్టుకున్నారు. అంతటితో అయిందా అంటే లేదు. ఊరు మొత్తం మీద ఆ యంత్రం దొరికేది ఒకే ఒక్క దుకాణంలో. అది ఎవరిదో చెప్పే ఉన్నాం.

బావమరిది నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. డాక్టరు చీటీ చదివి, పెట్టె విప్పి, గొట్టం బిగించి, మాస్కు బావ ముక్కుకు తొడిగి, చాలా మర్యాదగా చెప్పాడు.

"ఒత్తిడి ఎనిమిది పెట్టమన్నారు బావా. మొదట్లో తక్కువగా వచ్చి, మెల్లగా పెరుగుతుంది. అంటే నొక్కగానే పలకదు. కాస్త ఓపిక పట్టాలి."

అధ్యక్షులవారు జవాబు చెప్పబోయి నోరు తెరిచారు. ముక్కులోకి వచ్చిన గాలి మాటకంటే ముందే నోట్లోంచి బుస్సున బయటికి పోయింది.

వారం గడిచింది. మొదటి రోజు పొద్దున్నే అద్దంలో చూసుకుంటే బుగ్గల మీద మాస్కు పట్టీల అచ్చులు, ముక్కు మీద ఎర్రటి గీత. "ఏరా, మూడేళ్ళు ఇనుముని అరగదీయించావు. గాలి అడ్డుపడింది ఎక్కడో చూసుకున్నావా?" అని అద్దంలో మనిషిని ఆయనే అడిగారు, ఆయనే పగలబడి నవ్వారు. మూడో రోజు మెట్లెక్కినా ఆయాసం రాలేదు. ఐదో రోజు ఇల్లాలు దిండూ దుప్పటీ పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆ దిండు మళ్ళీ మంచం మీద కనబడగానే ఆయనకు కళ్ళు చెమర్చాయి. సంఘం పెట్టినప్పుడు కూడా ఆయన అంత సంతోషించలేదు.

ఆదివారం ఉదయం సర్వసభ్య సమావేశం. అధ్యక్షులవారు లేచి, గొంతు సవరించుకుని, చరిత్రాత్మకమైన ప్రసంగం చేశారు.

"సభ్యులారా! ఈ సంఘంలో ఒక ద్రోహి ఉన్నాడు. వాడు రోజూ ఎనిమిది గంటలు టర్బో మీద నడుస్తున్నాడు. వాడు నేనే. నాలుగో నియమం ప్రకారం నన్ను నేను బహిష్కరించుకుంటున్నాను."

వృత్తిరీత్యా పళ్ళ డాక్టరైన కోశాధికారి లేచాడు. చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"అధ్యక్షా, మీది ముక్కు వరకే ఉండే మాస్కా, నోరు కూడా మూసేదా?"

"ముక్కు వరకేనండీ. ఎందుకు?"

"నాది నోరు కూడా మూసేది. నాలుగేళ్ళయింది. చెమట పట్టి చస్తున్నాను. మార్పించుకుంటే మంచిదంటారా?"

అంతే, గట్టు తెగింది. కార్యదర్శిది రెండేళ్ళ కిందటిది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే రకం కొన్నారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. లెక్క తేలేసరికి పదకొండు మందిలో ఏడుగురు. అందరూ ఒకే దుకాణంలో కొన్నవారే. బావమరిది మూడేళ్ళుగా ఆదివారం భోజనాల్లో ఇన్ని మాటలు పడుతూ కూడా ఒక్కరి పేరూ బయటపెట్టలేదని అధ్యక్షులవారికి అప్పుడే తట్టింది. ఆయన తల దించుకున్నారు. నిజంగానే సిగ్గేసింది.

సిగ్గు ఎంతసేపుంటుంది? పావుగంటలో సవరణ సిద్ధమైంది. నాలుగో నియమం ఇకమీదట బానెట్ కింద ఉన్న వాటికే వర్తిస్తుంది, పక్క మీద ఉన్న వాటికి వర్తించదు. ఏకగ్రీవంగా ఆమోదించారు. బహిష్కరణ రద్దయింది. ఆ తర్వాత అధ్యక్షులవారు టర్బో ఇంజిన్ల పరాన్నజీవనం గురించి, సొంత ఊపిరితో బతకడంలోని గౌరవం గురించి గంటన్నర ఏకధాటిగా మాట్లాడారు. మధ్యలో ఒక్క ఆవులింత లేదు. అంత ధాటిగా ఆయన మునుపెన్నడూ మాట్లాడి ఉండలేదు. సభ చప్పట్లతో మారుమోగింది.

ప్రకటన: సంఘంలో సభ్యత్వం కొత్తవారికి తెరిచే ఉంది. కారు లేకపోయినా ఫర్వాలేదు. సొంత ఊపిరి మీద నమ్మకం ఉండి, ఎదుటివాడి ఊపిరిని గట్టిగా నిందించగలిగితే చాలు. పగలంతా సహజంగా శ్వాసిస్తున్నట్టు కనబడాలి. రాత్రి సంగతి మేము అడగము, మీరూ చెప్పనక్కర్లేదు. దరఖాస్తులు బావమరిది దుకాణంలో దొరుకుతాయి. ఎలాగూ మీరు అక్కడికి వస్తూనే ఉంటారు కదా.