చివరి పేజీ సమర్పించినచో చదివినట్లే

తూనికలు కొలతల కార్యాలయంలో పనిచేసే వారందరూ కొత్త సంవత్సరంలో పుస్తకాలు చదవాలని, ఎవరి లక్ష్యాన్ని వారే స్వచ్ఛందంగా నిర్ణయించుకోవాలని, స్వచ్ఛందంగా నిర్ణయించుకోని వారిపై తగు చర్య తీసుకోబడునని జనవరి ఒకటో తేదీ ఉదయం నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. కింద పెద్దసారు సంతకం ఉంది. పెద్దసారు తమ జీవితంలో చివరిసారి తెరిచిన గ్రంథం టెలిఫోన్ డైరెక్టరీ. అందులోనూ తమ పేరున్న పేజీ వరకే.

ఇంతకీ ఆయనకీ బుద్ధి ఎందుకు పుట్టిందంటారా? పక్క వీధిలోని అగ్నిమాపక కార్యాలయం వాళ్లు కిందటేడు తలా యాభై పుస్తకాలు చదివేశారట. మంటలార్పే వాళ్లకే అంత తీరిక ఉంటే రాళ్లు తూచే మనకెంత ఉండాలి అని ఆయన ప్రశ్న. ప్రశ్నలో ఏ లోపమూ లేదు.

సమావేశంలో పెద్దసారు లేచి, "నా వంతు వంద!" అన్నారు. చప్పట్లు మోగాయి. మోగాక మిగతావాళ్లకు చిక్కొచ్చిపడింది. సారు కంటే ఎక్కువ చెబితే పొగరు. బాగా తక్కువ చెబితే బద్ధకం. సరిగ్గా వందే అంటే సారుతో పోటీకి దిగినట్టు. అందుచేత ఆయన కింది అధికారి చిన్నసారు తొంభై తొమ్మిది అన్నాడు. క్యాషియరు తొంభై తొమ్మిది అన్నాడు. గేటు దగ్గర కాపలా కూర్చునే తాతగారు తనకు అక్షరం ముక్క రాదని మనవి చేసుకుంటూనే తొంభై తొమ్మిది రాయించుకున్నాడు. చదువు రాకపోవడం లక్ష్యానికేమీ అడ్డు కాదని చిన్నసారు ఆయన భుజం తట్టాడు.

ఆఖరున ముద్రలక్కయ్య వంతు వచ్చింది. కొట్లవాళ్లు తెచ్చే తూకపురాళ్లను త్రాసులో వేసి చూడటం, సరిగ్గా ఉంటే ముద్ర కొట్టడం, రవ్వంత తేడా ఉన్నా మొహమాటం లేకుండా వెనక్కి పంపడం ఆమె ఉద్యోగం. ఆ పేరు అందుకే వచ్చింది.

"ఒకటండీ," అందామె.

"ఒక డజనా?" అన్నారు పెద్దసారు.

"ఒక్క పుస్తకమండీ. ఇప్పటికే మొదలుపెట్టాను. కాస్త లావుది."

క్యాషియరు ముక్కున వేలేసుకున్నాడు. ఎంత ధైర్యముంటే నిజంగా చదువుతానని సభలో చెబుతుంది!

ఆ లావు పుస్తకం మీద ఒక సంసారం నడుస్తోందని వాళ్లకేం తెలుసు? అది కార్యాలయం బీరువాలో దొరికిన పాత నవల. అట్ట ఊడిపోయింది, పేరేమిటో ఎవరికీ తెలియదు, ఊరంతా వెతికినా ఇంకో ప్రతి లేదు. ముద్రలక్కయ్య రోజూ సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకెళ్లి అత్తగారికి చదివి వినిపించేది. ఆవిడకు సన్నక్షరాలు ఆనవు. ఆ నవల రాకముందు అత్తాకోడళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. ముద్రలక్కయ్య మొగుడైతే హాల్లో ఉన్నప్పుడు అమ్మ పక్షం, వంటింట్లో ఉన్నప్పుడు పెళ్లాం పక్షం వహిస్తూ, గుమ్మం మీద ఉన్నప్పుడు ఏ పక్షమో తేలక అక్కడ నిలబడటమే మానేశాడు.

నవలలో ఇద్దరు అక్కాచెల్లెళ్లున్నారు. ఒక కుట్టుమిషను దగ్గర మాటామాటా వచ్చి ఏళ్ల తరబడి మొహాలు చూసుకోలేదు. చెల్లెలు ఎప్పుడైనా వచ్చి తలుపు తడితే తీసేది లేదని అక్క శపథం పట్టింది.

"అది చచ్చినా తీయదు. నేనూ ఇంటికి పెద్దదాన్నే, నాకు తెలుసు," అన్నారు అత్తగారు.

"తీస్తుంది అత్తయ్యా. తోడబుట్టింది కదా."

"తీసిందనుకో, ఈ వంటింటి పెత్తనం నీకిచ్చేసి, హాల్లో కూర్చుని నువ్వు పెట్టింది తింటాను. సరేనా?"

"తీయకపోతే మీరెంత ఉప్పు గుమ్మరించినా నోరెత్తను. సరేనా?"

పందెం ఖాయమైంది. ఆ క్షణం నుంచి ఇంట్లో పోట్లాటలు బందు. ఇద్దరూ పుస్తకం ఎప్పుడు తెరుస్తామా అని పొద్దుగూకేదాకా కాచుకునేవాళ్లు. ముద్రలక్కయ్యకు పెళ్లయ్యాక అంత సుఖంగా గడిచిన నెలలు లేవు. అందుకే ఆ నవల చివరికంటా చదవడం ఆమెకు కార్యాలయం లక్ష్యం కాదు, కాపురానికి సంబంధించిన సంగతి.

ఇక్కడ కార్యాలయంలో చదవడమంటే ఏమిటో తేల్చడానికి ఉపసంఘం వేశారు. పుస్తకం కొనడం, చూడటం, తిరగేయడం, తలకింద పెట్టుకుని పడుకోవడం, వీటిలో ఏది చదవడం కిందికి వస్తుందని వాదోపవాదాలు జరిగాయి. తిరగేయడంలో చేతికి శ్రమ ఉంది కనుక అది చదవడం కంటే ఒక మెట్టు పైదేనని తీర్మానించారు. చదివినవాటిని తూచి కిలోల్లో లెక్కగడదామని ఒకాయన ప్రతిపాదించాడు. ముద్రలక్కయ్య నవల ఒక్కటే క్యాషియరు కవితా సంపుటాలన్నిటినీ పైకి లేపేస్తుందని తెలిశాక ఆ ప్రతిపాదన వీగిపోయింది.

అప్పుడు చిన్నసారు లేచాడు. "మిత్రులారా! చదివినవాడు ఎక్కడికి చేరతాడు? చివరి పేజీకి! కాబట్టి చివరి పేజీ ఎవరి చేతిలో ఉంటే వాడు చదివినట్టే! ఇది నా అభిప్రాయం కాదు, తర్కం!" అన్నాడు. పెద్దసారు లేచి ఆయన్ని కావలించుకున్నారు.

ఉత్తర్వులు వెలువడ్డాయి. పుస్తకం పూర్తి చేసినవారు చివరి పేజీని చింపి కార్యాలయంలో సమర్పించవలెను. ఒకే పేజీని ఇద్దరు వాడుకోకుండా, దాని చివరి పదం మీద కార్యాలయ ముద్ర వేయవలెను. ముద్ర ఎవరి దగ్గరుంది? ముద్రలక్కయ్య దగ్గర. కాబట్టి ఆ పనీ ఆమెకే అంటగట్టారు.

ఇక చూడండి, చదువు ఎంత జోరందుకుందో! కార్యాలయం బీరువా మొదటి వారంలోనే పూర్తయింది. తర్వాత వీధి చివర గ్రంథాలయం మీద పడ్డారు. అక్కడి లైబ్రేరియను ముందు గుండెలు బాదుకున్నాడు, తర్వాత తనూ పేరు నమోదు చేయించుకున్నాడు. చిన్నసారు పిల్లల లెక్కల పుస్తకాల చివరి పేజీలు కూడా సమర్పించాడు. జవాబులన్నీ వాటిలోనే ఉండటం వల్ల ఆ ఇంట్లో లెక్కలు ఇప్పటికీ తేలలేదు. కాపలా తాతగారు క్యాలెండరు తెచ్చి డిసెంబరు చింపి ఇచ్చాడు. అది చదివితే పన్నెండు నెలలు చదివినట్టే కనుక ఆక్షేపణ లేకుండా స్వీకరించారు.

ముద్రలక్కయ్య బల్ల మీద కాగితాలు గుట్టలు పడ్డాయి. రాయినైతే ఆమె తూచకుండా ముద్ర కొట్టేది కాదు. కాగితాల్లో తూచడానికేముంది? కిటికీలోంచి బయటికి చూస్తూ, సాయంత్రం చదవబోయే పేజీల గురించి ఆలోచించుకుంటూ, చేతికందిన దాని మీద ధబీధబీమని కొట్టుకుపోయేది.

వానలు పడే రోజుల్లో ఓ సాయంత్రం నవల చివరికొచ్చింది. చెల్లెలు వచ్చింది. తలుపు తట్టింది. అత్తగారు కుర్చీ అంచుకు జరిగారు. ముద్రలక్కయ్య పుస్తకాన్ని దీపం దగ్గరికి జరిపి చదువుతోంది. "అక్క లేచింది. గుమ్మం దాకా వచ్చింది. గడియ మీద చెయ్యి వేసి..."

"ఊఁ, వేసి?"

పేజీ తిప్పింది. అక్కడ పేజీ లేదు. చింపిన అంచు, దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ ఉన్నాయి. 'చివరి పేజీ స్వీకరించడమైనది. పాఠకులు: పెద్దసారు.' కింద గుండ్రంగా ముద్ర.

"ఎవరు కొట్టారు ఆ ముద్ర?" అన్నారు అత్తగారు.

"నేనే."

"అయితే ఇంకేం! ఓడిపోతున్నానని తెలిసి నువ్వే మాయం చేశావ్. ఎన్ని వేషాలే తల్లీ! నా దగ్గరా నీ ఎత్తులు?"

ముద్రలక్కయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. మర్నాడు తిన్నగా పెద్దసారు గదికి వెళ్లింది. పగటిపూట తన బల్ల మీద రెండు కిలోల రాయి కింద ఉండే నవలను ఆయన వచ్చిపోతూ 'పూర్తి' చేశారని అప్పటికి ఆమెకు అర్థమైంది.

"సార్, ఆ అక్క తలుపు తీసిందా లేదా? ఒక్క ముక్క చెప్పండి చాలు."

పెద్దసారు ఏ తలుపని అడగలేదు. అంత చిన్నతనం ఆయనకు లేదు. కుర్చీ వెనక్కి వాల్చి, "చూడమ్మా! తలుపంటే ఏమిటి? మనిషి తలుపులోకి వస్తాడా, తలుపే మనిషిలోకి వస్తుందా? మహా గ్రంథాలు జవాబులు చెప్పవు, ప్రశ్నలు మిగుల్చుతాయి! నేనా పుస్తకం చదివి మూడు రోజులు మనిషిని కాలేకపోయాననుకో!" అన్నారు.

ఒకసారి సమర్పించిన పేజీని ఇంకొకరికి చూపితే వాళ్లూ చదివినట్టవుతుంది కనుక కుదరదని చిన్నసారు చెప్పాడు. పైగా పేజీలన్నీ బైండింగుకు వెళ్లిపోయాయి. అదే చేత్తో ఆమెకొక మెమో కూడా ఇచ్చాడు. ఈ ఏడు ఇంతవరకు ఒక్క పుస్తకమైనా చదవని ఏకైక ఉద్యోగి ఆమేనని, కారణం తెలపాలని అందులో ఉంది. చివరి పేజీ దాకా వెళ్లానండీ, అది లేదండీ అని ఆమె జవాబు రాసింది. చదవనివాళ్లందరూ చెప్పే సాకే ఇది అని పక్కన రాసి జవాబును తిప్పి పంపారు.

ఇంట్లో వంటిల్లు ఎవరిదో తేలక అత్తాకోడళ్లిద్దరూ వంటకు దిగారు. కోడలు ఉప్పు వేసిన కూరలోనే అత్తగారూ ఉప్పు వేసేవారు, అత్తగారు దించిన గిన్నెను కోడలు మళ్లీ ఎక్కించేది. మొగుడు పళ్లెం ముందు కూర్చుని, మంచినీళ్లు మాత్రం చాలా బాగున్నాయని ఇద్దరినీ సమానంగా మెచ్చుకున్నాడు.

సంవత్సరం తిరిగేసరికి సన్మాన సభ. ఆ పేజీలన్నీ కుట్టించిన బండగ్రంథం బల్ల మీద ఎర్రగుడ్డ కింద కొలువుతీరింది. పెద్దసారు గుడ్డ తొలగించి గర్జించారు. "ఇందులో వేలాది ముగింపులున్నాయి! ఇదొక్కటి చదివితే వేల పుస్తకాలు చదివినట్టే! వచ్చే ఏడు అగ్నిమాపకం వాళ్లు తగలబడిపోవాల్సిందే! ఈ ముద్రలు చూశారా? గ్రంథానికి ఈ ముద్రలే ఆభరణాలు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే అత్తాకోడళ్లిద్దరూ వేదిక ఎక్కేశారు. అత్తగారు భూతద్దం కూడా తెచ్చుకున్నారు. ముద్రలక్కయ్య గబగబా తిప్పుతుంటే ఒక్కో ముగింపూ కళ్లబడుతోంది. 'చివరికి వాళ్లిద్దరి పెళ్లి', తర్వాత ముద్ర. 'హంతకుడు మరెవరో కాదు, ఆ ఇంటి', తర్వాత ముద్ర. 'ఈ మందు పిల్లలకు ఎట్టి పరిస్థితిలోనూ', తర్వాత ముద్ర.

తమ పేజీ దొరికింది. ఇద్దరూ తలలు ఆనించి వంగారు. ఆఖరి వాక్యం ఉంది. ముద్రలక్కయ్య వేలు పెట్టి చదివింది. "గడియ మీద చెయ్యి వేసి, కాసేపు ఆగి, అక్క తలుపు తీ..."

తీ తర్వాత నల్లగా, గుండ్రంగా, నిండుగా ముద్ర. తీసిందో, తీయలేదో!

అత్తగారు భూతద్దం పెట్టి చూశారు, దీపం కిందికి తిప్పి చూశారు, గోటితో గీకి చూశారు. ముద్ర వేసిన చెయ్యి గట్టిది, సిరా ప్రభుత్వానిది. ఏమీ కనబడలేదు.

"చదివే కొట్టావా దీన్ని?" అన్నారు కోడలి వైపు తిరిగి. గొంతులో ఈసారి కోపం లేదు.

"లేదత్తయ్యా. చూడనైనా చూడలేదు."

"రాళ్లకున్న పాటి విలువ కూడా లేకపోయిందన్నమాట ఆ అక్కాచెల్లెళ్లకి." ఆవిడ భూతద్దం తుడిచి సంచిలో పెట్టుకున్నారు. "పద. చదివి కొట్టడం నేర్చుకునేదాకా వంటిల్లు నాది."

ముద్రలక్కయ్య నోరెత్తలేదు. ఆ తర్వాత వంటల్లో ఉప్పు గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

పాఠకులకు విజ్ఞప్తి. పైన ఏముందో చూడకుండా నేరుగా ఈ పేరాకే వచ్చినవారికి కార్యాలయం తరఫున అభినందనలు. మీ లెక్కలో ఒకటి చేరింది. మొదటి నుంచీ ఓపిగ్గా చదువుకుంటూ వచ్చినవారు మాత్రం ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.