ముప్పైఆరో ఫొటో

ఆ సోమవారం పొద్దున ఉమాకాంతం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, జగ్గయ్యపేట బజారుకు వెళ్లి, చొక్కా గుండీ అంత బ్యాటరీ ఒకటి కొనాలి. దాన్ని పాత రీలు కెమెరాలో వేసి ఒకే ఒక్క ఫొటో తీయాలి. రీలు కడగడానికి ఇచ్చి, గురువారం భార్య కనకవల్లి సంవత్సరీకం నాటికి ఆమె ఫొటో పెద్దది చేయించి గోడకు తగిలించాలి.

గోడ మీద ఇప్పుడున్నది ఆధార్ కార్డులోంచి తీయించింది. అందులో కనకవల్లి ‘నా ఇత్తడి చెంబు తీసింది నువ్వే కదూ’ అన్నట్టు చూస్తుంటుంది. ఆ ఫొటో చూసిన రోజు నుంచి పాలవాడు నీళ్లు కలపడం మానేశాడు. ఏడాదిగా మాస్టారు ఆ చూపు కిందే కూర్చుని ఒక్కరే అన్నం తింటున్నారు. కనకవల్లి నవ్విన ఫొటో ఇంకొకటి ఉంది. అది కెమెరాలో ఉంది.

ఇరవై ఏళ్ల కిందట వేదాద్రి మెట్ల మీద ఒక కోతి మాస్టారి చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుంది. అది చాలదని కళ్లజోడు కూడా లాక్కుని పెట్టుకుంది. పెట్టుకుని, కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న బోర్డు చదివిందని మాస్టారు చెబుతారు. బోర్డు సంగతి మనం నమ్మక్కర్లేదు. కనకవల్లి మాత్రం జన్మలో మొదటిసారి నోరంతా తెరిచి నవ్వింది. మాస్టారు ఒక చేత్తో కోతిని అదిలిస్తూ, రెండో చేత్తో ఆ నవ్వును ఫొటో తీశారు.

తరువాత కొన్నాళ్లకు కెమెరాలో అంకె ముప్పైఐదు దగ్గర ఉండగా బ్యాటరీ పోయింది. “రీలు పూర్తికాకుండా కడిగించకూడదు. బ్యాటరీ లేకుండా నొక్కితే ఉన్నవి కూడా పాడవుతాయట. నందిగామలో చెప్పి ఉంచా, వచ్చినప్పుడు తెస్తా” అంది కనకవల్లి. బ్యాటరీ రాలేదు. ఫోన్లలో ఫొటోలు వచ్చాయి. ఆవిడ వెళ్లిపోయింది. మాస్టారు మాత్రం ఆ మీట ముట్టుకోలేదు.

“ఒక్క ఫొటో పోతే పోయిందిలెండి మాస్టారూ, కడగడానికి ఇచ్చెయ్యండి” అన్నాడు పక్కింటి బసవయ్య.

“ఆవిడ లేదు కదా అని ఆవిడ మాట తీసేస్తానా బసవయ్యగారూ?”

బజారులో వాచీల సతీష్‌బాబు ఏడు రకాల బ్యాటరీలు వేసి చూసి, చివరకు కెమెరాకు దండం పెట్టాడు. “మా నాన్న పుట్టకముందు సరుకండీ ఇది. నందిగామలో థామస్‌గారిని అడగండి. దీని భాష ఆయనొక్కడికే వచ్చు.”

బసవయ్యకు నందిగామలో పొలం మోటారు వాషర్లు కొనే పని ఉంది. ఇద్దరూ కలిసి బస్సెక్కారు. ముందు వాషర్లు కొన్నారు.

థామస్ ఒకప్పుడు స్టూడియో నడిపినవాడు. ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాడు. కెమెరా చూడగానే అతను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“మేడమ్‌గారు బాగున్నారా అండీ?”

“గురువారానికి ఏడాది.”

థామస్ కెమెరాను మాస్టారి వైపు జరిపి గబగబా చెప్పాడు. “ఈ బ్యాటరీ ఇక రాదండీ. పాదరసంతో చేసేవాళ్లు, ఎప్పుడో ఆపేశారు. దేశం మొత్తం తిరిగినా దొరకదు. మర్చిపోండి మాస్టారూ.”

మాస్టారు కెమెరాను సంచిలో పెట్టబోయారు. సరిగ్గా అప్పుడే బసవయ్య చెవిమిషను కీచుమంది. ఆయన దాన్ని ఊడదీసి, తెరిచి, బల్లకేసి తట్టాడు. అందులోంచి గుండీ అంత బ్యాటరీ ఒకటి జారి, దొర్లుకుంటూ వచ్చి కెమెరా పక్కన ఆగింది.

మాస్టారు దాన్ని చూశారు. బసవయ్యను చూశారు.

“సాయంత్రం దాకా ఇస్తారా?” అని సైగ చేశారు.

“తీసుకోండి. మా ఇంట్లో కొత్తగా వినాల్సిందేముంది?” అన్నాడు బసవయ్య.

బ్యాటరీ కొద్దిగా వదులైంది. చుట్టూ మోటారు వాషరు ఒకటి తొడిగితే బిగిసింది. కెమెరాలో వెలుతురు చూపించే ముల్లు ఇరవై ఏళ్ల తరువాత ఒళ్లు విరుచుకుని లేచింది. థామస్ ముఖం మాత్రం పాలిపోయింది.

“ఇక్కడ నొక్కకండి! తీశాక నా దగ్గరికే తీసుకురండి. ఇంకెవరికీ ఇవ్వకండి.”

“ఇక్కడెందుకు నొక్కుతా? ఆఖరిది ఆవిడ కుర్చీని తీస్తా” అన్నారు మాస్టారు.

బస్టాండులో బసవయ్య జేబులో ఫోను గిలగిలలాడింది. చెవి వినబడని రోజుల్లో ఆయన పట్టుకున్న పద్ధతి ఒకటే. ఎవరేమన్నా ‘ఆఁ, సరే’ అనడం. ఆ రెండు మాటలతో ఆయన రెండు పెళ్లిళ్లు కుదిర్చి, ఒక పొలం తగాదా కూడా తీర్చాడని చెప్పుకుంటారు.

“ఏవండీ, వాషర్లు దొరికినయ్యా?” అంది అవతల ఆయన భార్య కమలాకుమారి.

“ఆఁ, సరే.”

“అదేంటి, అట్టా మాట్లాడుతున్నారు? ఒంట్లో బాలేదా?”

“ఆఁ, సరే.”

“ఆస్పత్రికి గానీ వెళ్లారా?”

“ఆఁ, సరే.”

“మా అన్నయ్యని పంపనా?”

“ఆఁ, సరే. ఉంటా మరి.”

కమలాకుమారి కుప్పకూలింది. యాభై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడ మాటకు వరసగా నాలుగుసార్లు సరే అన్నది లేదు. పైగా బావమరిదిని పంపుతానన్నా సరేనన్నాడు! ఇక మనిషి దక్కడని ఆవిడకు అర్థమైపోయింది.

కబురు రెడ్డిగూడెం చేరేసరికి బసవయ్యకు సీరియస్. పరిటాల చేరేసరికి ఆశ లేదు. చెవిటికల్లు చేరేసరికి అక్కడివాళ్లు దండలు కొన్నారు. బావమరిది నందిగామ ఆస్పత్రులన్నీ గాలించి, ఎక్కడా లేడని ఫోను చేశాడు. “ఆస్పత్రిలో లేడంటే ఇంటికి తీసుకొచ్చేస్తున్నారన్నమాట” అని పెద్దలు షామియానా వేయించారు.

నాలుగింటికి మాస్టారూ బసవయ్యా వీధి మొదట్లో ఆటో దిగారు.

“మన వీధిలో ఎవరో పోయినట్టున్నారు మాస్టారూ” అంటూ బసవయ్య తువ్వాలు కళ్లకు అద్దుకుని నడిచాడు. షామియానా కింద చివరి కుర్చీలో కూర్చుని, పక్కనున్న చెవిటికల్లు ఆసామిని అడిగాడు. “ఎవరండీ?”

“బసవయ్యగారంట అండీ. నేనెప్పుడూ చూళ్లేదు. మా ఆవిడ తరఫు.”

“ఆఁ, సరే. మంచి మనిషి” అని బసవయ్య ఘొల్లుమన్నాడు.

ఆ గొంతు గుర్తుపట్టి కమలాకుమారి లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి చూసి ఆవిడ పెట్టిన కేకకు షామియానా ఒక గుంజ వదిలేసింది. మాస్టారు ఉలిక్కిపడ్డారు. కుర్చీని తీయడానికి కెమెరా అప్పటికే చేతిలో ఉంది, వేలు మీట మీదే ఉంది.

టక్.

ఆవిడ కుర్చీకి దాచిన ముప్పైఆరో ఫొటో కమలాకుమారి నోటికి ఖర్చయిపోయింది.

మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. పోనీ, రీలు పూర్తయింది కదా అనుకుని, రీలును ముందుకు జరిపే లివరు తిప్పారు. అది బిగుసుకుని ఆగాలి. ఆగలేదు. నొక్కి మళ్లీ తిప్పారు. తిరిగింది. పదోసారి కూడా హాయిగా తిరిగింది.

అంతలో థామస్ స్కూటరు మీద దండతో వచ్చాడు. పొద్దున తన బల్ల ముందు నిలబడ్డ మనిషి పోయాడని అతనికీ కబురందింది. బతికున్న బసవయ్యను చూసి దండ వెనక్కి దాచుకున్నాడు. మాస్టారి చేతిలో తిరుగుతున్న లివరు చూసి, పక్కన కూర్చున్నాడు.

“దానికి బ్యాటరీ అక్కర్లేదండీ” అన్నాడు నెమ్మదిగా. “వెలుతురు ముల్లుకే బ్యాటరీ. ఫొటో ఊరికే నొక్కినా పడుద్ది.”

“మరి ఆవిడ...”

“ఇరవై ఏళ్ల కిందట మేడమ్‌గారు ఒక్కరే దీన్ని తెచ్చారు. మీ పుట్టినరోజుకి ఫొటోలు కడిగించి ఇస్తానన్నారు. నేనొకసారి తిప్పి చూశా. లివరు తిప్పితే ఈ ఎడమ బొత్తాం కూడా తిరగాలండీ. తిరగలా. రీలు మొదట్లోనే పళ్లకు పట్టలేదు. అంకె ఒక్కటే నడిచింది. అందులో ఏమీ లేదని చెప్పా.”

మాస్టారు నొక్కి, మరోసారి తిప్పారు. ఎడమ బొత్తాం కదల్లేదు.

“బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. తరవాత బ్యాటరీ తీయించి కొంగున ముడేసుకున్నారు. ‘ఆ నవ్వు ఇందులో ఉందని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు థామస్‌గారూ. ఉందనుకోనివ్వండి. ముప్పైఆరు కాకుండా కడిగించకూడదని నేనంటా. మీరు మాత్రం బ్యాటరీ దొరకనివ్వొద్దు’ అన్నారు. ఇన్నాళ్లూ దొరకనివ్వలేదండీ. ఈయన చెవిలో ఉంటుందని నాకేం తెలుసు?”

థామస్ కెమెరా వెనక మూత తెరిచాడు. రీలు కొత్తదానిలా నాలుక బయటపెట్టుకుని ఉంది. “ముప్పైఆరూ అట్టాగే మిగిలాయండీ.”

మాస్టారు ఆ రీలును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. “పొదుపరి” అన్నారు. “ఒక్కటి కూడా ఖర్చుపెట్టనివ్వలా.” తరువాత తువ్వాలు లేదని గుర్తొచ్చి, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నారు.

బ్యాటరీ బసవయ్య చెవికి తిరిగి వెళ్లింది. ఆయన మొదట విన్నది కమలాకుమారినే. రెండు నిమిషాలు విని, బ్యాటరీ తీసి మాస్టారి చేతిలో పెట్టబోయాడు. “నాకంటే మీకే అవసరం, ఉంచుకోండి.” మాస్టారు పుచ్చుకోలేదు.

దండలు పదకొండు మిగిలాయి. గురువారం దాకా వాటిని తడిబట్టలో చుట్టి ఉంచి, అన్నింటిలోకీ పెద్దదాన్ని ఆధార్ ఫొటోకు వేశారు. ఆ రోజు నుంచి ఆ ఫొటోలో కనకవల్లి కొంచెం నవ్వుతున్నట్టుందని మాస్టారు అందరికీ చెబుతున్నారు. ఏదీ, ఒక ఫొటో తీసి చూపించండి అంటే మాత్రం, బ్యాటరీ లేదంటారు.