శిక్షకుడి సెలవు చీటీ

"చదరంగం ఆడేది పిల్లలు కాదు, వాళ్ల వెనకున్న తండ్రులు! పిల్లలు ఊరికే పావులు జరుపుతారు, అంతే!"

తూనికలు కొలతల కార్యాలయంలో పెద్ద గుమాస్తా ఈ మహావాక్యాన్ని వారానికి రెండుసార్లయినా సెలవిచ్చేవాడు. తోటి ఉద్యోగులు టీ గ్లాసులు పట్టుకుని తలలూపేవాళ్లు. వాళ్ల పిల్లలెవరూ చదరంగం ఆడరు కాబట్టి కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆయన కూతురు బుజ్జికి పదేళ్లు. ఆ పిల్ల మాత్రం నిజంగానే ఆడుతుంది. వీధి చివరి గ్రంథాలయంలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికితే దాన్ని చూసే నేర్చుకుంది. ఇక తండ్రి గారికి ఆ ఆటలో నలుపూ తెలుపూ గళ్లు ఉంటాయని తెలుసు. కూతురికిచ్చే శిక్షణంతా పోటీలు జరిగే హాలు బయట, వరండాలో బెంచీ మీద, సంచీ తలకింద పెట్టుకుని కళ్లు మూసుకుని ఇచ్చేవాడు. బుజ్జి వచ్చి లేపి గెలిచానంటే, "నేను చెప్పినట్టే ఆడావన్నమాట!" అనేవాడు. ఓడిపోయానంటే, "నేను చెప్పినట్టు ఆడలేదన్నమాట!" అనేవాడు. ఆయన ఏం చెప్పాడో బుజ్జి ఎన్నడూ అడగలేదు. బుద్ధిమంతురాలు.

చిక్కంతా సెలవు చీటీల దగ్గర వచ్చిపడింది. కూతురికి తోడు వెళ్తున్నానని రాస్తే ఏం గొప్ప? అందుకని ప్రతిసారీ "శిక్షకునిగా నా హాజరు అనివార్యమైనందున" అని రాసేవాడు. పాత అధికారి చదవకుండా సంతకం పెట్టేవాడు, మహానుభావుడు. కొత్తగా వచ్చినాయన చదివాడు!

"ఏమయ్యా, నువ్వు శిక్షకుడివా?"

"ఏదో సార్... చిన్నప్పటినుంచీ అలవాటు."

"మేమూ కాలేజీలో ఛాంపియన్లమే!" అన్నాడు అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "మన శాఖలో ఉన్నవాళ్లం, తూచకుండా ఏదీ నమ్మకూడదు. ఆదివారం మీ ఇంటికొస్తాను, ఒక ఆట వేద్దాం. కారణం నిజమని తేలితే అక్కడే సంతకం. తేలకపోతే సెలవూ లేదు, గిలవూ లేదు!"

గుమాస్తా దిగులుగా ఇంటికొచ్చి సంగతంతా భార్యతో చెప్పాడు. వచ్చే గురువారం మొదలయ్యే పోటీ మామూలుది కాదు. దానికోసం బుజ్జి ఏడాదిగా బడి నుంచి రాగానే బల్ల ముందు కూర్చుంటోంది. తోడు పెద్దవాళ్లు లేకపోతే పిల్లల్ని లోపలికి రానివ్వరు. తల్లి ఆసుపత్రిలో నర్సు, ఆ వారం ఆమె డ్యూటీ మార్చడం కుదరదన్నారు.

"నిజం చెప్పేయండి. తోడెళ్లాలంటే మాత్రం సెలవివ్వరా ఏం?" అంది భార్య.

"మరి నా పరువో?"

"దాన్ని తూచడానికేగా ఆయనొస్తున్నది!"

బుజ్జికి జాలేసింది. రెండు సాయంత్రాలు తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పబోయింది. గుర్రం దగ్గరికొచ్చేసరికి, "తిన్నగా పరిగెత్తే జంతువుని వంకరగా నడిపించడమేమిటే, అన్యాయం!" అని ఆయన వాదనకు దిగాడు. పాఠం అక్కడే ఆగిపోయింది.

ఆదివారం అధికారి రానే వచ్చాడు. ముందుగదిలో బల్ల వేశారు. "నోరు విప్పావంటే చూడు" అని తల్లి బుజ్జిని పక్కనే కూర్చోబెట్టుకుంది.

మొదటి ఎత్తులోనే అధికారి తన ఏనుగును బంటు మీదుగా దూకించాడు. బుజ్జి ఉలిక్కిపడింది. ఏనుగు దూకుతుందని పిల్ల చెప్పలేదే, పెద్ద ఆటగాళ్ల రహస్యం కాబోలనుకుని గుమాస్తా తనదీ దూకించాడు.

"భేష్!" అన్నాడు అధికారి నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆపైన ఆయన బంటు ఒకటి వెనక్కి నడిచింది. "వ్యూహాత్మక తిరోగమనం" అన్నాడు.

"ప్రతితిరోగమనం" అంటూ గుమాస్తా తన బంటునీ వెనక్కి నడిపించాడు.

పదిహేనో ఎత్తులో అధికారి గుమాస్తా రాజును ఎత్తి టీ కప్పు కింది సాసరులో పెట్టాడు. రాజు పోతే ఆట అయిపోయినట్టే కదా! ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. ఆట మరో నలభై నిమిషాలు నడిచింది! బుజ్జి, తల్లి భుజంలో మొహం దాచుకుని వణుకుతోంది. పిల్ల తనకోసం ఎంత కంగారు పడుతోందోనని గుమాస్తా మనసు కరిగిపోయింది.

చివరికి అధికారి చెయ్యి చాచాడు. "సమానం! ఇంత ఆటగాణ్ణి నేనింతవరకూ చూడలేదయ్యా!" కలం తీశాడు. గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇలాంటివాణ్ణి వదులుకుంటానా? గురువారం నుంచి శాఖల మధ్య చదరంగం పోటీలు. మన శాఖ తరఫున నువ్వే! సెలవు రద్దు!"

బుజ్జి నవ్వు ఆగిపోయింది. వచ్చి, సాసరులోని రాజుతో మొదలుపెట్టి పావులన్నీ పెట్టెలో సర్దసాగింది. ఆ చేతుల్ని చూసి గుమాస్తా కుర్చీలోంచి లేచాడు.

"సార్! నాకు ఆట రాదు సార్! ఒక్క ముక్క రాదు. హాలు బయట పడుకుంటాను సార్, అంతే!"

అధికారి మొహం కందగడ్డయింది. "రాదా? గంటన్నర నాతో సమానంగా నిలబడ్డవాడికి ఆట రాదా? అంటే ఏమిటయ్యా నీ ఉద్దేశం? నాకు కూడా..." మిగతాది ఆయన నోట రాలేదు. "పై అధికారిని అవమానిస్తావా? రేపే మెమో ఇస్తాను!"

"అంకుల్," అంది బుజ్జి మెల్లిగా. "నాన్నకి నిజంగానే రాదు. నాన్న చిన్నబుచ్చుకుంటారని మీరే కావాలని తగ్గి ఆడారు కదా? నాకు తెలిసిపోయింది."

అధికారి ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొహం విప్పారింది. "చూశావటయ్యా! పిల్ల ఎలా కనిపెట్టేసిందో! అవునమ్మా, మీ నాన్నకోసం ఎంతో కిందికి దిగాను!"

"చాలా కిందికి దిగారంకుల్" అంది బుజ్జి.

ఆయన "శిక్షకునిగా" అన్న మాట కొట్టేసి, "కూతురికి తోడుగా" అని రాసి, సంతకం బరికాడు.

"మరి శాఖల పోటీ సార్? మీరే ఆడితే..."

"ఆ వారమంతా నాకు నడుంనొప్పి!" అంటూ అధికారి చెప్పులు తొడుక్కుని గబగబా వెళ్లిపోయాడు.

గుమాస్తా కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత మంచి మనిషే! నాకోసం తగ్గి ఆడాడా!"

"లేదు నాన్నా. ఆయనకీ ఏమీ రాదు. ఒక్క ఎత్తు కూడా సరిగ్గా వెయ్యలేదు."

గుమాస్తా నోరు తెరిచాడు. ఖాళీ బల్లనూ, కూతుర్నీ, వీధి గుమ్మాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"ముందే చెప్పొద్దటే! ఇంకో రెండెత్తుల్లో ఆయన ఆట కట్టించేసేవాణ్ణి!"