వదిన యోగా, మా ఇంటిల్లిపాదికీ లాభం

యోగా వల్ల ఎక్కువ లాభం చేసేవాళ్లకి కాదండీ, చెయ్యమని చెప్పేవాళ్లకి. నమ్మకం లేకపోతే మా ఇంట్లోవాళ్లని చూడండి.

మా వదినకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు, నిద్ర సరిగ్గా పట్టదు. “రోజూ మెల్లగా యోగా చెయ్యండి, పట్టేసిన భుజం వదులవుతుంది, నీరసమూ తగ్గుతుంది” అంది డాక్టరమ్మ, నేర్పే టీచర్ని కూడా చూపించి. మందులకి రాలి మళ్లీ పెరిగిన జుట్టుని తనే ముడి వేసుకోవాలని వదిన ఆశ. ముడికి రెండు చేతులూ తల వెనక్కి చేరాలి కదా. మా అమ్మ బిగించే ముడికి కళ్లు నుదుటి మీదికి ఎక్కుతున్నాయి!

ఇక మాకు ఎన్ని లాభాలో! నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే అన్నయ్య లిఫ్టులో ప్రాణాయామం మీద ఉపన్యాసాలిస్తున్నాడు. పొద్దుపోని అమ్మకి హాల్లో కుర్చీ వేసుకుని పర్యవేక్షించే ఉద్యోగం దొరికింది. పై ఫ్లాట్ టైలరమ్మ తలకిందులుగా నిలబడే వీడియోలు పంపి పుణ్యం మూటగట్టుకుంటోంది.

వదిన చాప పరిచి చెయ్యి ఎత్తుతుందో లేదో, “ఊపిరి నెమ్మదిగా తీసుకో. అవునూ, నా నీలం చొక్కా ఏదీ?” అంటాడు అన్నయ్య.

ముందుకి వంగితే, “ఎలాగూ వంగావు, కుర్చీ కింద నా కళ్లజోడుందేమో చూడవే” అంటుంది అమ్మ.

మనసు ప్రశాంతంగా ఉంచుకోమని అందరం చెబుతాం. అందరం ఒకేసారి చెబుతాం.

ఉన్నట్టుండి వదిన యోగా మానేసింది. పొద్దున్నే దేవుడి గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటోంది. ఆ గదిలో ఉన్నవాళ్లని మా ఇంట్లో ఎవరూ పిలవరు. కొంప అంటుకున్నా గుమ్మంలో నిలబడి దగ్గుతాం, అంతే. భార్యకి భక్తి కుదిరిందని అన్నయ్య మురిసిపోయాడు.

అమ్మకే అనుమానమొచ్చింది. ఓ రోజు తలుపు తోసింది. వెనక నేనున్నాను. కింద చాప. వదిన గోడ మీద ఎడమ చేతి వేళ్లని చీమలా పైకి పాకిస్తోంది.

“దేవుడి ముందు ఈ కసరత్తేమిటే?”

“ఆయనేమీ అనలేదత్తయ్యా. చొక్కా ఏదని కూడా అడగలేదు.”

రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి, తప్పు కదా అందామనుకున్నాను. కానీ బాగుపడాలని మొక్కింది ఆయనకే. ఆయన ఎదుటే బాగుపడితే తప్పెలా అవుతుంది?

అమ్మ మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.

“ఏమోయ్, నా సాక్సు...” అన్నయ్య గొంతు.

“పూజలో ఉందిరా. నువ్వే వెతుక్కో.”

చాలాసేపటికి వదిన బయటికొచ్చింది. ముడి ఓ పక్కకి జారి ఉంది. సరిచెయ్యబోయిన అమ్మ చెయ్యి మధ్యలోనే ఆగింది. “బాగుందే” అంది.

కాబట్టి, ఇంట్లో కోలుకుంటున్నవాళ్లుంటే తప్పకుండా యోగా చెయ్యమనండి. వాళ్లు చేసేంతసేపూ మీరు వీధిలో నడిచి రండి. నడక ఒంటికి చాలా మంచిదట.