ఫోన్‌లో పోయినవాళ్ళు

ఆ రోజుకి దొరబాబు వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున్నే రావులపాలెం వెళ్ళి, అరటిపళ్ళు మగ్గబెట్టే గదిలో కాలిపోయిన మోటారు విప్పి తెచ్చుకోవాలి. పదకొండింటికల్లా భీమవరం దగ్గర సూర్యనారాయణరాజుగారి రొయ్యల చెరువుల గట్టు మీద ఉండాలి. అక్కడ ఒక సంతకం పెట్టాలి. అంతే.

ఆ సంతకం మీదే అన్నీ ఆధారపడి ఉన్నాయి. రాజుగారికి ఇరవై రెండు చెరువులు. ప్రతి చెరువులోనూ నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు. ఆ మోటార్లన్నీ ఏడాదంతా చూసుకునే కాంట్రాక్టు వస్తే పాలకొల్లులో దొరబాబు వైండింగ్ షాపు నిలబడుతుంది. రాకపోతే, వస్తుందన్న ధీమాతో కొత్తగా పెట్టుకున్న ఇద్దరినీ పంపించేసి, తనూ ఇంకో షాపులో కూలికి చేరాలి.

రాజుగారు పెట్టిన షరతులు రెండే. "ఫోన్ చేస్తే మనిషి పలకాలయ్యా. పలికిన మనిషి నిజం చెప్పాలి." ఇంట్లో పడుకుని దారిలో ఉన్నానని చెప్పిన పాత మెకానిక్కుని ఆయన మళ్ళీ గట్టు ఎక్కనివ్వలేదు.

మొదటి షరతు కోసం దొరబాబు సత్యవాణిని పనిలో పెట్టుకున్నాడు. రెండో షరతు గురించి ఆలోచించే తీరిక అతనికి దొరకలేదు.

సత్యవాణి రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్‌లో నాలుగేళ్ళు చేసిన మనిషి. అవతలివాళ్ళు ఎంత కేకలేసినా గొంతు పెంచదు. ఆమె పనిలో చేరింది ఆ రోజే. ఉదయం దొరబాబు షాపు ఫోను ఆమె చేతికిచ్చి, పదకొండేళ్ళ అనుభవసారం రెండు ముక్కల్లో చెప్పాడు.

"చూడమ్మా, పని ఎప్పుడవుతుందని పీకల మీద కూర్చుంటారు. కరెంటు లేదంటే నమ్మరు. సామాను రాలేదంటే తిడతారు. మా ఇంట్లో ఒకళ్ళు పోయారని చెప్పావనుకో, పాపం, వాళ్ళే ఫోన్ పెట్టేస్తారు."

"ఎవరు పోయారని చెప్పమంటారండి?"

"ఎవరో ఒకళ్ళు. నేను మా మేనమామని నాలుగుసార్లు వాడాను."

"అలాగైతే దొరికిపోతామండి. మీవాళ్ళ పేర్లు, వయసులు చెప్పండి, రాసుకుంటాను. పోయారని చెప్పినవాళ్ళ పేరు కొట్టేస్తే మళ్ళీ వాళ్ళనే వాడకుండా ఉంటాం."

దొరబాబుకి ముచ్చటేసింది. తన వైపూ, భార్య వీరవేణి వైపూ బతికున్నవాళ్ళని గుర్తుచేసుకుని చెప్పాడు. ఏడుగురు తేలారు. రాజుగారికి మాత్రం ఎవర్నీ చంపి చెప్పవద్దని హెచ్చరించడం మరిచిపోయి బండెక్కాడు.

రావులపాలెంలో మోటారు బోల్టులు తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. చేతులకి గ్రీజు. సొంత ఫోను బండి డిక్కీలో ఉంది. పన్నెండు దాటాక తీసి చూస్తే రాజుగారివి తొమ్మిది మిస్డ్ కాల్స్. చూస్తుండగానే పదోది మోగింది.

"నువ్వేం మాట్లాడకయ్యా, అంతా తెలిసింది," అన్నారు రాజుగారు. "నువ్వు రాకపోయేసరికి షాపుకి చేశాను. ఆ అమ్మాయి ఎంత వివరంగా చెప్పింది. తెల్లవారుజామున గుండెపోటట. డెబ్భై నాలుగేళ్ళట. నిద్రలోనే వెళ్ళిపోయారట. మాణిక్యాంబగారు పుణ్యాత్మురాలయ్యా."

మాణిక్యాంబ వీరవేణి తల్లి. కూతురి దగ్గరే ఉంటుంది. పొద్దున దొరబాబు బయలుదేరేటప్పటికి మూడో పెసరట్టు తింటోంది.

"రాజుగారండి, అదీ..."

"బాధపడకు. ఫ్రీజరు బాక్సు పంపించేశాను. షాపులో ఉన్న ఫోటో ఆ అమ్మాయి పంపిస్తే ఫ్లెక్సీ కూడా వేయించాను. మీ మెకానిక్కు బుల్లబ్బాయి పొద్దున్నుంచి మా ఏడో చెరువు కరెంటు ప్యానెలు చూస్తున్నాడుగా, పని ఆపించి కార్లో ఎక్కించుకున్నాను. కాంట్రాక్టు కాగితం కూడా తెస్తున్నాను. అత్తగారు పోయిన రోజున కూడా మోటారు విప్పడానికి వెళ్ళారండీ అని ఆ అమ్మాయి చెప్తుంటే నా కళ్ళు తడిశాయి."

ఫోన్ పెట్టేశారు. ఆవిడ బతికే ఉందంటే షాపులో మనిషి అబద్ధమాడినట్టు. అబద్ధమాడినట్టయితే కాంట్రాక్టు లేనట్టు. రావులపాలెం నుంచి పాలకొల్లు దాకా దొరబాబు మూడో దారి కోసం వెతుక్కుంటూనే వచ్చాడు.

వీధి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. షాపు తెరిచిన రోజున అత్తగారు రిబ్బను కత్తిరిస్తూ దిగిన ఫోటో, కింద 'అశ్రునివాళి'. వసారాలో గాజుమూత ఉన్న బాక్సు. దాని పక్కనే కుర్చీ వేసుకుని మాణిక్యాంబ కూర్చుంది.

"ఏంటి అల్లుడుగారూ, మాటైనా చెప్పకుండా పంపించేశారు నన్ను?"

"అత్తయ్యగారూ, పొరపాటైపోయిందండి."

"పోతే పోయాను. ఆ ఫోటో తప్ప ఇంకోటి దొరకలేదా? కత్తెర పట్టుకుని నవ్వుతున్నాను. ఎవరైనా చూస్తే నేనెవర్నో పొడవబోయి పోయాననుకుంటారు."

రాజుగారి కారు సగం దారి దాటిందని బుల్లబ్బాయి ఫోన్ చేశాడు. అంటే పావుగంట. దొరబాబు చెప్పవలసింది చెప్పాడు. వీరవేణి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, పది నిమిషాలే. ఆ సంతకం కాకపోతే మేం రోడ్డు మీద పడతాం."

మాణిక్యాంబ లేచి బాక్సు లోపలికి తొంగిచూసింది. "మూడేళ్ళుగా నా గదిలో ఏసీ పెట్టించమంటున్నాను. మోటార్లు బాగుచేసే మనిషి ఇంట్లో ఉండి ఉక్కకి ఛస్తున్నాను."

"పెట్టిస్తానండి. కాంట్రాక్టు రాగానే మొదట అదేనండి."

"ప్లగ్గు మాత్రం పెట్టకండి," అని ఆవిడ ముక్కులో దూది తనే సర్దుకుని పడుకుంది. గాలి ఆడటానికి మూత కింద అగ్గిపెట్టె ఒకటి నిలబెట్టారు.

రాజుగారు దండతో లోపలికి వచ్చారు. వెనకాల బుల్లబ్బాయి. పాతికేళ్ళుగా మోటార్లతో బతికిన బుల్లబ్బాయికి ఒకటే జబ్బు. ఆగి ఉన్న యంత్రం కళ్ళబడితే ఊరుకోలేడు. దొరబాబు అతన్ని ఏరికోరి పెట్టుకున్నది ఆ జబ్బు చూసే.

"ఏంటండి, బాక్సు నడవట్లేదు," అన్నాడు బుల్లబ్బాయి. దొరబాబు నోరు తెరిచేలోగా అగ్గిపెట్టె తీసి పారేశాడు, మూత గట్టిగా నొక్కాడు, ప్లగ్గు పెట్టాడు. మోటారు చెవి పెట్టినా వినపడనంత మెత్తగా మొదలైంది. "మంచి మోటారండి. ఇరవై నిమిషాల్లో రాయి చేసేస్తుంది."

బాక్సు అంచున లోపలి వేడిమి చూపించే ఎర్ర అంకె వెలిగింది. ఇరవై తొమ్మిది.

రాజుగారు మూత మీద దండ వేసి, కుర్చీలో కూర్చుని, తన తల్లి పోయిన రోజు గురించి మొదలుపెట్టారు. ఆయన ఏ సంగతైనా మొదటి నుంచీ చెప్పే మనిషి. తల్లి అనారోగ్యం దగ్గరికి వచ్చేసరికి అంకె పంతొమ్మిది. డాక్టరు వచ్చేసరికి పధ్నాలుగు. గాజు లోపల చిన్నగా ఆవిరి పట్టి, చెదిరి, మళ్ళీ పట్టింది.

"అదేంటయ్యా?" అన్నారు రాజుగారు.

"కొత్త బాక్సులకి కొంచెం చెమ్మ కడుతుందండి," అన్నాడు బుల్లబ్బాయి.

దొరబాబు చెయ్యి ప్లగ్గు వైపు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే రాజుగారు జేబులోంచి కాగితం తీసి గాజుమూత మీద పరిచారు. "ఆవిడ సాక్షిగా పెట్టెయ్యి. మనసు కుదుటపడుతుంది." దొరబాబు ప్లగ్గు వైపు చూశాడు, పెన్ను వైపు చూశాడు. అంకె తొమ్మిది. పెన్ను తీసుకున్నాడు. సంతకం క్షణంలో అయిపోతుందని అతని ఆలోచన. వీరవేణి గోడ వైపు తిరిగి నిజంగానే ఏడుస్తోంది.

రాజుగారి ఫోన్ మోగింది. ఆయనకి చెవులు సరిగా వినపడవు కాబట్టి ఎప్పుడూ స్పీకరే. చెరువుల మేనేజరు.

"అయ్యగారండి, ఏడో చెరువులో ఏరియేటర్లు ఆగిపోయాయండి. బుల్లబ్బాయి ప్యానెలు విప్పినట్టే వదిలి వచ్చేశాడు. మూడు రోజుల్నుంచీ మబ్బు కదండి, నీళ్ళలో గాలి చాలక రొయ్యలు పైకి తేలిపోతున్నాయి. దొరబాబు షాపుకి చేశానండి."

"ఏమన్నారు?"

"దొరబాబుగారు పోయారటండి. ఇందాకే. చాలా మర్యాదగా చెప్పిందండి ఆ అమ్మాయి."

ఏడుగురూ అయిపోయారన్నమాట, అనుకున్నాడు దొరబాబు.

రాజుగారు ఫోన్ వైపు చూశారు. సగం సంతకంతో నిలబడ్డ దొరబాబు వైపు చూశారు. అంతలో బాక్సు లోపలి నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడైంది.

బుల్లబ్బాయి మూత ఎత్తాడు. మాణిక్యాంబ ముక్కులో దూదితో సహా లేచి కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. దవడలు కొట్టుకుంటున్నాయి.

"అల్లుడుగారూ," అంది, "ఏసీ వద్దు."

రాజుగారు కోప్పడలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "పోయినవాడి సంతకం చెల్లదయ్యా, దొరబాబూ." తర్వాత బుల్లబ్బాయి వైపు తిరిగారు. "కారెక్కు. చెరువు దగ్గరికి పోదాం."

"మా ఓనరుగారండి..."

"ఆయన లేరు కదయ్యా. ఇక నుంచి నా దగ్గరే చెయ్యి."

మాణిక్యాంబకి మాత్రం చేతులు జోడించి, ఒళ్ళు జాగ్రత్తమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు.

ఏడో చెరువులో రొయ్యలు దక్కలేదు. మాణిక్యాంబని జ్వరంతో ఆస్పత్రిలో చేర్చారు. మూడు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. అల్లుడు మంచం దగ్గరికి వస్తే ఆవిడ గోడ వైపు తిరుగుతోంది, కూతురు కూడా అటే చూస్తోంది. సాయంత్రానికి దొరబాబు షాపుకి వచ్చి, విప్పి తెచ్చిన మోటారు ముందు ఊరికే కూర్చున్నాడు.

"మీరిచ్చిన పేర్లన్నీ పన్నెండింటికే కొట్టేశానండి," అంది సత్యవాణి. "అప్పటికింకా మీరు మిగిలారండి."

"చాలమ్మా. నీ తప్పు కాదు. ఇక మీదట ఎవరు ఫోన్ చేసినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు."

"ఆయ్, అలాగేనండి."

ఫోన్ మోగింది. నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ ఆయన. పెద్ద మోటారు కాలిపోయింది, ఒకటి బాగా చేస్తే మిగతా ఆరూ ఇస్తాను, దొరబాబుగారు ఎప్పటికి రాగలరని అడిగాడు. దొరబాబు లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడైనా రాగలరండి," అంది సత్యవాణి. "పూర్తిగా ఖాళీగా ఉన్నారు. మెకానిక్కు వెళ్ళిపోయాడండి. కాంట్రాక్టు పోయిందండి. ఈ రోజు పొద్దున్నుంచి ఒక్క పనీ కాలేదండి."

అంత ఖాళీగా ఉన్న మనిషికి తన మోటారు ఇవ్వలేనని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.